మోకాలి లోతు మంచేగా, అవలాంచ్ ఎందుకొస్తుంది?

ప్రశ్న: మేం డెన్వర్‌లో ఉంటాం. నవంబర్‌లో వచ్చే థాంక్స్‌గివింగ్ సెలవులకు మా బావమరిది హైదరాబాద్ నుంచి వస్తున్నాడు. వాడికి మంచు చూపించాలని నాకూ, నా స్నేహితులు ముగ్గురికీ ఉబలాటంగా ఉంది. కొలరాడోలోనే ఉన్న లవ్‌లాండ్ పాస్ అనే కనుమ దగ్గర కారు ఆపుకుని, స్నోషూలు (మంచులో కాలు దిగబడకుండా బూట్లకు కట్టుకునే వెడల్పాటి తొడుగులు) తొడుక్కుని, చెట్లు లేని పై వాలుల మీదికి ఎక్కుదామనుకుంటున్నాం. మాలో ఒకడు రెండు సీజన్లుగా స్ప్లిట్‌బోర్డ్ (కొండ ఎక్కడానికి రెండుగా విడదీసుకునే స్నోబోర్డ్) మీద తిరుగుతున్నాడు, వాడి దగ్గర మంచులో పూడినవాళ్లను వెతికే బీకన్ కూడా ఉంది. నేను పెళ్లికి ముందు ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ట్రెక్ చేశాను కాబట్టి మంచు నాకు కొత్త కాదు. మా ఆవిడ మాత్రం అవలాంచ్ (వాలు మీది మంచు ఒక్కసారిగా తెగి కిందికి జారిపడటం) అంటూ భయపడుతోంది. ఇప్పటిదాకా పడింది మోకాలి లోతే కదా, చాలాచోట్ల గడ్డీ రాళ్లూ కనిపిస్తూనే ఉన్నాయి. అవలాంచ్‌లు జనవరి, ఫిబ్రవరిల్లో మంచు బాగా పేరుకున్నాకే కదా వచ్చేది? ఇప్పుడు వెళ్తే ఫర్వాలేదా? అందరికీ బీకన్లు కొనాలా?
– ఒక పాఠకుడు, డెన్వర్

సమాధానం: మీ ఆవిడ భయం న్యాయమైనదే. లవ్‌లాండ్ పాస్ ప్లాన్ ఈసారికి మానేయండి. మీ బావమరిదికి మంచు చూపించడానికి వేరే చోట్లు ఉన్నాయి, వాటి గురించి చివర్లో చెబుతాను. ముందు "మోకాలి లోతే కదా" అన్న మీ మాట దగ్గర కాసేపు ఆగాలి. కొలరాడోలో నవంబర్ నెలలో మనుషుల్ని వాలుల మీదికి తీసుకెళ్లేది చాలాసార్లు ఆ మాటే.

అక్టోబర్‌లో తొలి మంచు పడినప్పుడు దాని కింద నేల ఇంకా చల్లారి ఉండదు. మంచు దుప్పటి కప్పుకున్నాక కూడా నేల ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. పైన సంగతి వేరు. ఇక్కడి రాత్రులు మీకు తెలిసినవే: మబ్బు లేని ఆకాశం, పొడి గాలి. తెల్లారేసరికి మంచు పైపొర మైనస్ 20 డిగ్రీలకు దిగిపోవచ్చు. ఇప్పుడు ఒక చిన్న లెక్క చూడండి. రెండు మీటర్ల మంచు ఉంటే ఆ 20 డిగ్రీల తేడా రెండు మీటర్ల మందంలో సర్దుకుంటుంది, అంటే ప్రతి 10 సెంటీమీటర్లకు ఒక డిగ్రీ. మంచు 40 సెంటీమీటర్లే ఉంటే ప్రతి 10 సెంటీమీటర్లకు 5 డిగ్రీలు. ఈ తేడా 10 సెంటీమీటర్లకు సుమారు ఒక డిగ్రీ దాటిందంటే మంచులోని నీటి ఆవిరి కింది నుంచి పైకి వేగంగా కదలడం మొదలవుతుంది. ఒకదాన్నొకటి పట్టుకుని ఉండాల్సిన రేణువులు పలకలు తేలి, కోసులు తేలి, విడివిడిగా పెరుగుతాయి. కొన్ని వారాలు ఇలా గడిస్తే నేలనానుకుని ఉన్న మంచు గరుకు పంచదారలా తయారవుతుంది. గుప్పిట్లోకి తీసుకుని ఎంత పిసికినా ఉండ కట్టదు, వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. ఇక్కడివాళ్లు దాన్ని షుగర్ స్నో అంటారు. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు డెప్త్ హోర్. అంటే మీకు ధైర్యం ఇస్తున్న ఆ పలచదనమే కింది పొరను పాడుచేస్తోంది.

ఈ పంచదార మంచు ఒక్కటే ఉంటే పెద్ద ప్రమాదం లేదు. దాని మీద గట్టి పొర వచ్చి కూర్చున్నప్పుడే గొడవ. నవంబర్‌లో ఒక మంచి తుఫాను వచ్చి అడుగో రెండడుగులో కొత్త మంచు వేస్తుంది. లేదా తుఫాను కూడా అక్కర్లేదు, గాలి చాలు. చెట్లు లేని ఎత్తుల్లో పడమటి గాలి గట్టు అవతల ఉన్న మంచునంతా ఊడ్చుకొచ్చి ఇవతలి వాలు మీద పోస్తుంది. అలా దిగిన మంచు కొద్ది గంటల్లోనే స్లాబ్‌లా బిగుసుకుంటుంది. పైన బిగుసుకున్న స్లాబ్, కింద పట్టు లేని రేణువులు, వాలు 30 డిగ్రీలు దాటి ఉంటే ఇక కావలసింది ఒక మనిషి బరువే. ప్రాణాలు తీసిన అవలాంచ్‌లలో పదింట తొమ్మిది వంతులు అందులో చిక్కుకున్నవాళ్లో, వాళ్ల బృందంలో ఎవరో కదిలించినవే. అవలాంచ్ పైనుంచి దానంతటదే వచ్చి పడుతుందని మనం అనుకుంటాం. ఎక్కువసార్లు మన కాళ్ల కిందే మొదలవుతుంది.

"చాలాచోట్ల గడ్డీ రాళ్లూ కనిపిస్తున్నాయి" అన్నారు. నిజమే. అక్టోబర్ మంచు దక్షిణం వైపు తిరిగిన వాలుల మీద ఎండకు కరిగిపోతుంది, అక్కడ గడ్డి కనబడుతుంది. అది నిలిచేది ఉత్తరం, తూర్పు వైపులకు తిరిగిన ఎత్తైన వాలుల మీద, గట్ల కింది పల్లాల్లో, నీడ విడవని ఇరుకుల్లో. పంచదార పొర తయారయ్యేదీ అక్కడే, గాలి కొత్త మంచును తెచ్చి పోసేదీ అక్కడే. గడ్డి మీద స్నోషూలతో ఎవరూ నడవరు కాబట్టి మీరూ మీ స్నేహితులూ కారు దిగి, చుట్టూ చూసి, తెల్లగా నిండుగా ఉన్న వాలు వైపే కదా నడుస్తారు. సీజన్ మొదట్లో నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే. నడవడానికి చాలినంత మంచు ఉన్న చోటూ, తెగిపడటానికి సిద్ధంగా ఉన్న చోటూ ఈ నెలలో దాదాపు ఒకటే.

2017 అక్టోబర్ 7న మోంటానాలోని మాడిసన్ పర్వతాల్లో, ఇంప్ పీక్ మీదికి స్కీలతో ఎక్కుతున్న ఇద్దర్ని అవలాంచ్ పట్టేసింది. ఇద్దరూ కొండల్లో ఆరితేరినవాళ్లే. అప్పటికి ఆ ఏడాది శీతాకాలం మొదలే కాలేదు. జారిన స్లాబ్ మందం అడుగు నుంచి రెండడుగులు, మీరు చెబుతున్న మోకాలి లోతే. ఒకామె పూర్తిగా పూడిపోయి చనిపోయింది. ఆమె దగ్గర బీకన్ ఉంది, కానీ ఆన్ చేయకుండా బ్యాగ్‌లో ఉంది. సీజన్ మొదట్లో ఇలాంటి పొరపాటు ఎవరికైనా జరగవచ్చు, మనసు ఇంకా వేసవి నడకల్లోనే ఉంటుంది కాబట్టి.

ఇంకొకటి మీరు వెళ్దామనుకుంటున్న చుట్టుపక్కల జరిగిందే. 2013 ఏప్రిల్ 20న లవ్‌లాండ్ పాస్ దగ్గర షీప్ క్రీక్‌లో ఆరుగురు అవలాంచ్‌లో చిక్కుకున్నారు, ఐదుగురు చనిపోయారు. అందరి దగ్గరా పరికరాలున్నాయి, అనుభవముంది. ఆ స్లాబ్ తెగింది నేలకు దగ్గరగా, చలికాలం మొదట్లో పాడైన పొర మీద. ఏప్రిల్‌లో జరిగిన దాన్ని సీజన్ మొదటి రోజుల గురించి చెబుతూ ఎందుకు తెచ్చానంటే, నవంబర్‌లో చెడిన పునాది వసంతం దాకా కింద అలాగే పడి ఉండగలదని మీకు తెలియాలి. 2020-21 శీతాకాలం కూడా అలాంటిదే. తొలి నెలల మంచు పాడైపోయింది, తర్వాత పడిందంతా దాని మీదే పేరుకుంది. ఆ ఒక్క సీజన్‌లో కొలరాడోలో 12 మంది, అమెరికా మొత్తం మీద 37 మంది అవలాంచ్‌లలో చనిపోయారు. 1950 నుంచి లెక్క చూస్తే కొలరాడోలో జరిగినన్ని అవలాంచ్ మరణాలు దేశంలో మరే రాష్ట్రంలోనూ లేవు.

తక్కువ మంచులో ఇంకో కష్టం ఉంది. జనవరిలో పడే మనిషి కింద మెత్తని మంచు ఎంతో కొంత ఉంటుంది. నవంబర్‌లో చిన్న అవలాంచ్ లాక్కెళ్లినా రాళ్ల మీద నుంచి, విరిగిన చెట్టు మొదళ్ల మీద నుంచి ఈడ్చుకుపోతుంది. అవలాంచ్ మరణాల్లో దాదాపు నాలుగో వంతు ఊపిరాడక కాదు, దెబ్బలకు జరిగేవే. కాబట్టి పూడ్చేంత మంచు లేదన్న ధీమా ఎందుకూ పనికిరాదు. పైగా గాలి తెచ్చిన మంచు పల్లాల్లో మీరనుకున్నదానికంటే చాలా లోతుగా ఉంటుంది. రాళ్లు పైకి పొడుచుకొచ్చిన చోట కూడా జాగ్రత్త. అక్కడ స్లాబ్ పలచగా ఉంటుంది, మీ బరువు నేరుగా కింది బలహీన పొరకు చేరుతుంది. రాయి కనబడితే అక్కడ భద్రమని దాని వైపు నడవకండి.

లవ్‌లాండ్ పాస్ గురించి విడిగా చెప్పాలి. 11,990 అడుగుల ఎత్తుకు కారులోనే వెళ్లిపోతాం. రోడ్డు పక్కన పది కార్లుంటాయి, జనం ఉంటారు, ఫొటోలు తీసుకుంటుంటారు. ఆ సందడిలో ఇది బ్యాక్‌కంట్రీ, అంటే ఎవరి కాపలా లేని కొండ ప్రాంతం, అన్న సంగతే మరుగున పడిపోతుంది. స్కీ రిసార్ట్ లోపల వాలుల్ని పేలుడు పదార్థాలతో ముందే జార్చి, పరీక్షించి, తాళ్లు కట్టి మరీ తెరుస్తారు. ఇక్కడ మీరు నడిచే వాలును ఎవరూ పరీక్షించరు. సెవెన్ సిస్టర్స్ అనే అవలాంచ్ దారులు ఈ రోడ్డు మీదికే దిగుతాయి. రవాణా శాఖ వాటిని జార్చేది రోడ్డును కాపాడటానికి, మీ నడకదారిని కాదు. వాలు మీద అప్పటికే ఎవరివో జాడలు కనిపిస్తాయి. వాటిని చూసి ధైర్యం తెచ్చుకోకండి. పంచదార పొర ఉన్న వాలు పది మందిని మోసి పదకొండో మనిషి కింద తెగిన సందర్భాలున్నాయి. ఇదే మాట ఇంకా తెరవని రిసార్టులకూ వర్తిస్తుంది. లిఫ్టులు తిరగని రోజుల్లో అక్కడి వాలు కూడా ఎవరూ పరీక్షించని కొండే.

ఇక బీకన్. మీ ఐదుగురిలో ఒక్కరి దగ్గరే ఉందన్నారు. అది దాదాపు ఏదీ లేనట్టే. బీకన్ 457 కిలోహెర్ట్జ్ మీద సంకేతం పంపుతూ ఉంటుంది, పూడిన మనిషి సంకేతాన్ని పైనున్నవాళ్ల బీకన్ పట్టుకోవాలి. మీ స్నేహితుడు పూడిపోతే ఆయన్ని వెతకడానికి మీ దగ్గర ఏమీ లేదు. మీలో ఎవరు పూడినా ఆయన బీకన్‌కు వినడానికి సంకేతమే లేదు. బీకన్ చోటు చూపిస్తుంది, మంచులోకి గుచ్చి మనిషి ఎక్కడున్నాడో తేల్చేది ప్రోబ్, తవ్వేది పార. మూడూ ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి, మూడూ వాడటం చేతికి అలవాటై ఉండాలి. పూర్తిగా పూడిన మనిషిని తొలి పది, పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే బతికే అవకాశం చాలా ఎక్కువ. ఆ తర్వాత అది వేగంగా పడిపోతుంది. 911కు ఫోన్ కలిసినా, వాలంటీర్ల రెస్క్యూ బృందం ఎంత తొందరగా బయల్దేరినా ఆ సమయానికి మీ దగ్గరికి చేరలేదు. తవ్వాల్సింది మీరే. ఆరోజే కొన్న బీకన్‌ను జీవితంలో మొదటిసారి చేతిలో పట్టుకున్న మీ బావమరిది ఆ పని చేయగలడా? అలా ఆయన మీద ఆశ పెట్టుకోవడం ఆయనకూ అన్యాయం, మీకూ అన్యాయం.

మీ స్నేహితుడి అనుభవాన్ని తక్కువ చేయను. అయితే బోర్డు మీద బాగా దిగడం ఒక విద్య, మంచు పొరల్ని చదవడం ఇంకో విద్య. ఆయన అవలాంచ్ కోర్సు చేశారా, పోయిన సీజన్ తర్వాత బీకన్‌తో వెతకడం సాధన చేశారా, బీకన్‌లో కొత్త బ్యాటరీలు వేశారా అడగండి. నొచ్చుకుంటారేమోనని మొహమాటపడకండి. మనవాళ్ల గుంపుల్లో ఒకరికి తెలుసన్న పేరు వస్తే మిగతావాళ్లం నోరు మెదపం, పెద్దరికం ఇచ్చేస్తాం. కొండ మీద ఈ అలవాటు మంచిది కాదు. ఐదుగురిలో ఏ ఒక్కరు "వద్దు" అన్నా వెనక్కి తిరగాలని ఇంట్లోనే మాట అనుకోవాలి. "వద్దు" అన్నవాడిని ఎవరూ ఆటపట్టించకూడదు.

మీ కేదార్‌కంఠ అనుభవం మంచిదే. చలి ఎలా ఉంటుందో, మంచులో కాళ్లు ఎంత బరువెక్కుతాయో మీకు తెలుసు. కానీ అక్కడ దారి ఎంచింది గైడ్లు, రోజూ జనం నడిచే బాట అది. ఏ వాలు ఎక్కాలో నిర్ణయించే బాధ్యత మీ మీద పడలేదు. ఉత్తరాఖండ్‌లోనే 2022 అక్టోబర్ 4న ద్రౌపదీ కా దండా-2 శిఖరం దగ్గర నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ బృందం అవలాంచ్‌లో చిక్కుకుంది. పాతిక మందికి పైగా ప్రాణాలు పోయాయి, వాళ్లలో శిక్షకులూ ఉన్నారు. నేర్పేవాళ్లకే అలా జరిగినప్పుడు, ఒక ట్రెక్ చేసిన మనం ఇంకెంత వెనకడుగులో ఉండాలో మీరే ఆలోచించండి.

ముందు ముందు మీరు కొండలకు వెళ్తూనే ఉంటారు కాబట్టి ఒక అలవాటు చేసుకోండి. కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ బులెటిన్‌ను ముందురోజు సాయంత్రం చదవండి. ప్రమాదాన్ని ఐదు మెట్లుగా చెబుతారు: లో, మోడరేట్, కన్సిడరబుల్, హై, ఎక్స్‌ట్రీమ్. ఐదింట్లో మూడోది మధ్యస్థంగానే వినిపిస్తుంది, కానీ ఎక్కువ ప్రాణాలు పోయేది ఆ కన్సిడరబుల్ రోజుల్లోనే. అంకె చూసి ఊరుకోకుండా కింద రాసింది చదవండి. ఏ దిక్కు వాలు, ఏ ఎత్తు, ఏ రకం సమస్య అన్నది అక్కడే ఉంటుంది. పర్సిస్టెంట్ స్లాబ్ అన్న మాట కనబడితే పైన చెప్పిన పంచదార పొర కథే అని గుర్తుపట్టండి. సీజన్ మొదట్లో చాలా రాష్ట్రాల్లో రోజువారీ రేటింగులు ఇంకా మొదలుకావు. రేటింగ్ లేకపోతే ప్రమాదం లేదని కాదు, ఎవరూ చూసి చెప్పలేదని అర్థం.

నడుస్తున్నప్పుడు కింద మంచు కుంగి "వుంఫ్" అన్న బరువైన చప్పుడు వస్తే అది పొర కూలిన చప్పుడు. కాళ్ల ముందు నుంచి పగుళ్లు బాణాల్లా దూసుకుపోయినా, పక్క వాలు మీద కొత్తగా జారిన గుర్తు కనబడినా, గట్టు మీద నుంచి మంచు పొగలా ఎగురుతున్నా ఇక చర్చ వద్దు, వచ్చిన దారినే వెనక్కి వచ్చేయండి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మీరు చదునైన చోటే నడుస్తున్నా పక్కన వాలు నిటారుగా ఉంటే, కింద మీరు కదిలించిన పొర పగులు పైదాకా పాకి ఆ వాలును మీ మీదికి దించగలదు. అందుకే మీ కాళ్ల కింద ఎంత వాలు ఉందో చూసుకోవడంతో ఆగకుండా, తల ఎత్తి పైన ఏముందో చూడాలి.

ఇప్పుడు మీ బావమరిది సంగతి. రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌లో బేర్ లేక్ దాకా రోడ్డు చలికాలమంతా తెరిచే ఉంచుతారు. చెరువు చుట్టూ బాట మైలు కూడా ఉండదు, చెట్ల మధ్య నడక, ఎదురుగా శిఖరాలు. మొదటిసారి మంచు చూసేవాడికి అంతకంటే కావలసింది ఏముంటుంది? అక్కడి నుంచి ఎమరాల్డ్ లేక్ వైపు వెళ్లాలనిపిస్తుంది, ఆ దారిలో పైనుంచి నిటారు వాలులున్నాయి, అటు పోకండి. చెరువు గడ్డకట్టినట్టు కనబడినా నవంబర్ మంచుగడ్డను నమ్మి కాలు పెట్టొద్దు. ఆ పార్క్‌లోనే హిడెన్ వ్యాలీలో స్లెడ్ జారడానికి అనుమతి ఉంది, పార్క్ మొత్తంలో అనుమతి ఉన్నది అక్కడొక్కచోటే. మంచు చాలినంత పడి ఉంటే పెద్దవాళ్లం కూడా చిన్నపిల్లలమైపోతాం. లేదంటే అప్పటికే తెరిచిన స్కీ రిసార్ట్‌లో ఒక బిగినర్ పాఠం తీసుకోండి, కట్టిన తాడు మాత్రం దాటకండి.

ఆయన వచ్చిన మర్నాడే బయల్దేరకండి. హైదరాబాద్ ఐదారు వందల మీటర్ల ఎత్తులో ఉంది, డెన్వరే 1,600 మీటర్లు, బేర్ లేక్ దాదాపు 2,900. రెండు రోజులు ఇంట్లో ఉండనివ్వండి, నీళ్లు బాగా తాగమనండి. తలనొప్పి, వాంతులు మొదలైతే ఆలస్యం చేయకుండా కిందికి తీసుకొచ్చేయండి.

మీ స్నేహితులు ముగ్గురికీ ఈ చలికాలం నిజంగా ఆ ఎత్తుల మీదికి వెళ్లాలని ఉంటే, అవలాంచ్ లెవెల్ 1 కోర్సులో నలుగురూ కలిసి చేరండి. అది మూడు రోజుల కోర్సు, సీట్లు ముందే నిండిపోతాయి కాబట్టి ఇప్పుడే చూసుకోండి. బీకన్, ప్రోబ్, పార కోర్సు రోజులకు అద్దెకు తీసుకోవచ్చు, చేయి తిరిగాక ఏది కొనాలో మీకే తెలుస్తుంది. ఈ సెలవులకైతే మీ బావమరిదికి బీకన్ అక్కర్లేదు. తడవని బూట్లు, జారకుండా వాటి కింద తగిలించుకునే మేకుల పట్టీలు (మైక్రోస్పైక్స్), రెండు జతల చేతితొడుగులు, నల్లకళ్లద్దాలు కొనిపెట్టండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఒక కాగితం మీద రాసి మీ ఆవిడకు ఇవ్వండి. ఆమె కూడా వస్తానంటే ఇంకా మంచిది, బేర్ లేక్ నడక ఆమెకూ నచ్చుతుంది.